చక్రాల కింద నిమ్మకాయలు

ఆ బండిని చంపింది కొబ్బరినీళ్ళు. బండి అంటే పెద్దదేమీ కాదు, మూరెడు పొడవుండే రిమోటు కారు. కానీ కొత్త బండి కొత్త బండే కదా అని మా చెల్లెలు దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. చక్రాలు మరీ చిన్నవి కాబట్టి నిమ్మకాయల్ని సగానికి కోసి ఒక్కో చక్రం కింద ఒక్కో చెక్క పెట్టింది. మా బావ కొబ్బరికాయతో దిష్టి తీసి గడప పక్కనున్న రాయి మీద కొట్టాడు. చిప్పలో మిగిలిన నీళ్ళు, జీవితమంతా లారీకి చల్లినట్టే, బండి ముక్కు మీద చల్లాడు. లారీకైతే ఏమీ కాదు. దీనికి పైన ఉన్నది పల్చటి ప్లాస్టిక్ తొడుగు. దాని కింద బ్యాటరీ, మోటారు, ఆ రెండింటి మధ్య అగ్గిపెట్టెంత నల్ల డబ్బా. బండి నిమ్మచెక్కలు తొక్కింది, వాకిలి దాకా వెళ్ళింది, ఆగింది. తొడుగు కింద నుంచి సన్నటి పొగ లేచింది.

ఆ రోజు నా డైరీలో ఇలా ఉంది: "ఎండ ఎక్కువ. బావ బండి కాలింది. అన్నం తినలేదు." అంతకంటే రాసే అలవాటు నాకు లేదు. పలాసలో రైల్వే సిగ్నల్ పనిలో చేరిన నాటి నుంచి డైరీ రాస్తున్నాను. అప్పుడు ఏ సిగ్నలు పాడైంది, ఎందుకు పాడైంది, ఎలా బాగుచేశాం అని రాసేవాణ్ణి. రిటైరయ్యాక కొన్నాళ్ళు వానలు, పెళ్ళిళ్ళు, చుట్టాల రాకపోకలు రాశాను. ఇప్పుడు ఎక్కువగా బావ ఆసుపత్రికి వచ్చాడా లేదా అన్నదే రాస్తున్నాను. రాసి రాసి ఆ మాటలకి రుచి పోయింది. "వచ్చాడు. నీరసం. సాయంత్రం ఆటోలో వెళ్ళాడు." ఏ పేజీ తీసినా ఇదే.

బావ నా మేనత్త కొడుకు. మా చెల్లెల్ని చేసుకున్నాడు. నా ఈడువాడే కాబట్టి నేనూ బావా అంటాను, వాడూ బావా అంటాడు. వాళ్ళది కంచిలి దగ్గర పల్లె. ఇంటి చుట్టూ కొబ్బరి, వెనక జీడితోట. వాడు మాత్రం తోట పట్టించుకోకుండా లారీ పట్టుకున్నాడు. మా ఉద్దానం ప్రాంతపు కొబ్బరికాయలు ఎత్తుకుని ఒడిశా మీదుగా రాయపూర్ వైపు పోయేవాడు. వచ్చేటప్పుడు ఏ లోడు దొరికితే అది. ఇంట్లో ఉన్న రోజులకంటే స్టీరింగు వెనక ఉన్న రోజులే ఎక్కువ. ఆ తరువాత కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఇది వింత కాదు. వాళ్ళ వీధిలో చాలా ఇళ్ళలో మేకుకి మందుల సంచి వేలాడుతూ కనిపిస్తుంది. రోజు విడిచి రోజు పలాస వచ్చి డయాలిసిస్ చేయించుకుంటాడు. అయ్యాక స్టేషను దగ్గర మా ఇంట్లో కాసేపు పడుకుని, ఎండ తగ్గాక వెళ్తాడు.

లారీ మానేయడానికి మాత్రం ఆసుపత్రి కారణం కాదు. జబ్బు ఇంకా పేరు పెట్టుకోక ముందు ఒక మధ్యాహ్నం, టెక్కలి దాటాక హైవే మీద వాడికి కళ్ళు చీకటి కమ్మాయి. లారీ రోడ్డు దిగి, గట్టు తెంచుకుని, వరిమడిలో దిగబడింది. గట్టు మీద గడ్డిమోపుతో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. చెయ్యి చాపితే అందేంత దూరంలో. ఆమెకి ఏమీ కాలేదు. ఇదంతా నాకు క్లీనరు చెప్పాడు. బావ ఒక్క మాట చెప్పలేదు. మళ్ళీ క్యాబిన్ ఎక్కలేదు. లారీ అమ్మేశాడు. మేమెవరమూ అడగలేదు.

డయాలిసిస్ కుర్చీలో ఎడమ చేతికి సూదులు ఉంటాయి, కదపకూడదు. కుడి చేతిలో ఫోను. ఆ ఫోనులో వాడికి ఈ రిమోటు కార్లు దొరికాయి. ఇసుక మీద, రాళ్ళ మీద, బురదలో ఎగిరెగిరి పడే బండ్లు. నర్సుల్ని పిలిచి మరీ చూపించేవాడు. ఒక రోజు ఆర్డరు పెట్టేశాడు. మా చెల్లెలు ఫోనులో నాతో, "పోన్లే అన్నయ్యా, దేని మీదో దాని మీద మనసెల్లింది. బారువ సముద్రం ఒడ్డున తోలతాడంట. ఈ వయసులో పిల్లసేష్టలేటని నాను అన్నేదు," అంది.

ఆ బండి కాలిపోయింది. మరుసటి వారం చెల్లెలు మళ్ళీ ఫోను చేసింది. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"అన్నయ్యా, ఈయన ఆటో ఎక్కనంటన్నాడు. మొన్నా ఎల్లనేదు, ఇయాలా ఎల్లనంటన్నాడు. నువ్వొచ్చి సెప్పు. నా మాట ఇంటే కదా."

ఒకసారి మానితే ఒంట్లో నీరు చేరుతుంది. వరసగా మానితే ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. ఆ వార్డు బయట బెంచీ మీద కూర్చుని కూర్చుని ఈ సంగతులు నాకు కంఠతా వచ్చాయి. అలా మానేసినవాళ్ళలో కొందరి మొహాలు కూడా గుర్తున్నాయి. బస్సెక్కి వెళ్ళాను. మోకాళ్ళు నొప్పి. కోపం వచ్చి ఉండాల్సింది, రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

బావ వసారాలో నులకమంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వెల్లకిలా పడుకోలేకపోతున్నాడని చూడగానే తెలిసింది.

"ఏటి బావా, ఇంతెండలో వచ్చీసావు? అది సెప్పిందా?"

"సెప్పింది. కాళ్ళు సూపించు."

"సూసి ఏటి సేత్తావు? నువ్వు డాక్టరువేటి?"

వేలితో నొక్కితే పాదం మీద గుంట పడి అలాగే ఉండిపోయింది. చెయ్యి తీసేశాను. వాడే అన్నాడు.

"ఎల్లి ఏటి సెయ్యాలి బావా? ఎల్తాను, పడుకుంటాను, వత్తాను. మల్లీ ఎల్తాను. లారీ అయితే లోడు దించీసి వత్తే ఓ పనయిపోనాదనిపించీది. దీనికి దించడం నేదు."

"అందుకని మానీడమేటి?"

"బండి కూడా కాలిపోనాది. నాకింక ఏ బండీ కలిసిరాదు."

చెల్లెలు గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాను పసుపు రాసినందుకేనేటన్నయ్యా?" అని మెల్లగా అడిగింది.

"పసుపు కాదమ్మా. నీళ్ళు."

"లారీ మీద బిందెడు పోసీవోణ్ని," అన్నాడు బావ.

బండి తెప్పించి తొడుగు విప్పాను. నల్ల డబ్బా ఒక పక్క కరిగి ఉంది. మోటారు తీగల్ని వేరుచేసి చూస్తే మోటారు బాగానే ఉంది. బ్యాటరీ ఉబ్బలేదు. పోయింది మధ్యనున్న స్పీడ్ కంట్రోలర్ ఒక్కటే. అదేమిటో వాడికి చెప్పాను. "బ్యాటరీ నుంచి మోటారుకి ఎంత కరెంటు పోవాలో ఈ డబ్బా సూసుకుంటాది. రిమోటు మీద నీ వేలు ఎంత నొక్కితే అంత. యాక్సిలరేటరూ ఇదే, బ్రేకూ ఇదే, రివర్సు గేరూ ఇదే."

"అయితే డ్రైవరు అదే అన్నమాట."

"డ్రైవరువి నువ్వే. అది క్లీనరు."

వాడు నవ్వలేదు కానీ డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నాకు అది చాలనిపించింది. ఆ సాయంత్రమే ఆటో మాట్లాడి పలాస తీసుకొచ్చాం. దారంతా తల బయటికి పెట్టి గాలి కోసం ఆయాసపడ్డాడు. అప్పటికప్పుడు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ రోజు గడిచింది. మళ్ళీ వస్తాడో రాడో అన్నది మాత్రం అలాగే ఉంది. ప్రతిసారీ నేను బస్సెక్కి వెళ్ళి తీసుకురాలేను. మా చెల్లెలు ఏడవలేదు. ఏడిస్తే బాగుండునేమో.

కొత్త కంట్రోలర్ మా ఇంటి చిరునామాకే తెప్పించాను. నీటి చుక్కలు పడినా తట్టుకునే రకం. పార్సిల్ రాగానే బావకి ఫోను చేశాను.

"డబ్బా వచ్చింది. నువ్వు ఆసుపత్రికి వత్తే, అయ్యాక ఇక్కడ బిగిద్దాం. రాకపోతే నా బల్ల మీదే ఉంటాది."

"బెదిరింపేటి బావా?"

"అవును."

"సరే సూద్దాం," అని పెట్టేశాడు. మర్నాడు బండి పట్టుకుని, చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. డయాలిసిస్ అయ్యాక మా ఇంట్లో మగతగా పడుకున్నాడు. లేచేసరికి వసారాలో ఎండ పక్కకి తిరిగింది. నేను అప్పటికే పాత దుప్పటి పరిచి, స్క్రూడ్రైవర్లు, టంకం పెట్టె, కాగితం వరసగా పెట్టుకుని కూర్చున్నాను. కాగితం అంటే కంట్రోలర్‌తో వచ్చిన సూచనలు. చిన్న అక్షరాలు. ముందు రోజు భూతద్దంతో చదివి, ఒక్కో పని విడివిడిగా రాసుకున్నాను.

"పెళ్ళి మంత్రాల్లా ఉన్నాయి, ఇన్నేటి?" అన్నాడు బావ.

"ఒక్కటి తప్పినా మళ్ళీ పొగే."

ముందు పాత డబ్బా తీసి, దాని అడుగున అంటుకున్న జిగురు గీకాను. ఆ చోటు స్పిరిటుతో తుడవాలి. నా దగ్గర లేదంటే బావ చొక్కా జేబులోంచి సూది గుచ్చేముందు తుడిచే దూది పొట్లం తీసి ఇచ్చాడు. "వార్డులో ఎక్కువిత్తారు, ఎప్పుడైనా పనికొత్తాదని దాసినాను." దానితోనే తుడిచాం. రెండు వైపులా అంటుకునే మెత్తటి టేపు వేసి కొత్త డబ్బా కూర్చోబెట్టాను. దాని మీద చిన్న ఫ్యాను ఉంటుంది, పైకి ఉండాలి, తొడుగు దానికి తగలకూడదు. గాలి ఆడకపోతే వేడెక్కి అదే ఆగిపోతుంది. రిమోటు సంకేతం అందుకునే రిసీవరుకి దూరంగా పెట్టాలి. రిసీవరు తోకలాంటి సన్నటి తీగ, లావుపాటి కరెంటు తీగల మీదుగా పోకూడదు. మా సిగ్నల్ పనిలోనూ ఇంతే. బలమైన కరెంటు పక్కన బలహీనమైన సంకేతాన్ని పడుకోబెడితే అది చెవిటిదైపోతుంది.

బ్యాటరీ వైపు తీగలకి ప్లగ్గు నేనే టంకం వేసి పెట్టాను. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి. అవి తారుమారైతే ఆ క్షణంలోనే డబ్బా పోతుంది, దానికి క్షమించడం తెలియదు. అందుకని బ్యాటరీ కలపకుండానే మళ్ళీ చూశాను, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.

"ఓరి బావా, రెండు తీగలకి ఎన్నిసార్లు సూత్తావు? నీ సేతిలో రైల్లు ఎలా నడిసాయిరా నాయినా!"

"నా చేతిలో నడవలేదు. నా చేతిలో ఆగాయి. నడపడం సులువే."

మోటారుకి మూడు తీగలు. రిసీవరుకి సన్నటి ప్లగ్గు ఒకటి, రెండో గదిలో. మొదటి గది చక్రాలు తిప్పే స్టీరింగుది. అన్నీ కలిపాక బండిని కిందికి దించకుండా, పొట్ట కింద ఇటుక పెట్టి నాలుగు చక్రాలూ గాలిలో ఉండేలా నిలబెట్టాను. మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు అది ఏం చేస్తుందో తెలియదు. చక్రాలు నేల మీదుంటే గోడకేసి కొట్టుకుంటుంది, కాదంటే కాళ్ళ మీద పడుతుంది.

సరిగ్గా అప్పుడే మా చెల్లెలు కొంగు ముడి విప్పింది. అందులో నిమ్మకాయలు.

"అన్నయ్యా, కింద పెట్టు. సెక్కలు పెడతాను."

"ఇప్పుడు కాదమ్మా. ఇంకా పరీక్ష అవ్వాలి."

"నిమ్మకాయలు తొక్కించకుండా బండికి పేనమెలా పోత్తావు? ఒకసారి కాలిపోనాక మల్లీ అలాగే సేత్తే ఇంకేటైనా ఉందా? తొలి అడుగు నిమ్మకాయ మీదే పడాలి."

"నేల మీద పెడితే తొలి అడుగు గోడ మీద పడతాది."

"దాని మాట నిజమే బావా," అన్నాడు వాడు. "ముప్పై ఏల్లు లారీ తోలినాను. తొక్కించకుండా ఏ బండీ తియ్యనేదు."

నాకు నిస్సత్తువగా అనిపించింది. ఇద్దరూ కలిసి నన్నే చూస్తున్నారు. చెల్లెలి మొహంలో పట్టుదల కాదు, భయం ఉంది. మొదటి బండి తన చేతి వల్ల కాలిందన్న అనుమానం ఆమెకి ఇంకా పోలేదు. అప్పుడు బావే దారి చెప్పాడు.

"గాల్లో తిరిగింది అడుగెలాగవుతాది? గేరేజీలో జాకీ మీద తిప్పితే కొత్త బండి నడిసినట్టేటి? కానియ్, జాకీ మీద నీ పరీచ్చలన్నీ సేసుకో. కిందికి దించినాక తొలి అడుగు నిమ్మకాయ మీదే. సరేనా?"

చెల్లెలు ఆలోచించి నిమ్మకాయలు మళ్ళీ ముడి వేసుకుంది. "కొబ్బరికాయ?"

"అల్లక్కడ, వీధి గుమ్మం దగ్గిర కొట్టు," అన్నాను. "నీల్లు ఇటు రాకూడదు."

అప్పుడు బావని రిమోటు చేతిలోకి తీసుకోమన్నాను. "ముందు రిమోటు వెయ్యాలి. తరవాతే బండి. ఆపేటప్పుడు తిరగేసి, ముందు బండి ఆపాలి, తరవాత రిమోటు. రిమోటు లేకుండా బండి ఒక్క క్షణం కూడా బతికి ఉండకూడదు."

"తాళంసెవి సేతిలో ఉన్నోడు దిగేటప్పుడు ముందు దాన్నే కదా తిప్పుతాడు."

"ఆ అలవాటే మానుకో అంటున్నాను."

రిమోటు వేశాడు. కంట్రోలర్ మీదున్న మీట నొక్కి పట్టుకుని బండి ఆన్ చేశాను. కంట్రోలర్‌కి మూడు సంగతులు నేర్పాలి. వేలు వదిలేసినప్పుడు రిమోటు ట్రిగ్గరు ఎక్కడుంటుంది, పూర్తిగా లాగితే ఎంత, ముందుకి తోస్తే ఎంత. ఒక్కోటి నేర్చుకున్నప్పుడల్లా కూతపెట్టింది. బ్యాటరీ లిపో అనే లిథియం రకమని కూడా దానికి చెప్పాలి. చెబితే బ్యాటరీ అడుగంటక ముందే కంట్రోలర్ బండిని ఆపేస్తుంది. చెప్పకపోతే చివరి బొట్టు దాకా పిండేస్తుంది, బ్యాటరీ ఉబ్బుతుంది.

"ఉబ్బుతాదా?" అన్నాడు బావ, తన పాదాల వైపు చూసుకుని. "మరి సెప్పీ, సెప్పీ."

మెల్లగా ట్రిగ్గరు లాగాడు. చక్రాలు వెనక్కి తిరిగాయి. "రివర్సులో పుట్టింది!" అని మొదటిసారి గట్టిగా నవ్వాడు. మోటారు మూడు తీగల్లో ఏవైనా రెండు మారిస్తే సరిపోతుంది. బ్యాటరీ తీసి, మార్చి, మళ్ళీ మొదటి నుంచి చేశాం.

చివరిది ఒకటి మిగిలింది. చక్రాలు కొద్దిగా తిరుగుతుండగా రిమోటు ఆపేయమన్నాను. ఆపాడు. చక్రాలు ఆగలేదు. అలాగే తిరుగుతూనే ఉన్నాయి. నేను గబుక్కున బండి స్విచ్చి ఆపాను. సంకేతం తెగిపోతే చివరిగా విన్న మాటనే పట్టుకుని పోయేలా ఆ రిసీవరు తయారైంది. దాన్ని సరిచేయడానికి నాకు చాలాసేపు పట్టింది. కాగితం అర్థం కాలేదు, మీట ఎక్కడుందో దొరకలేదు. బావకి ఓపిక అయిపోయింది.

"వదిలీ బావా. పరిగెడతన్న బండిలోంచి తాళంసెవి బయటకెవడైనా ఇసిరేత్తాడేటి? నాను ఇసరను."

"మా దగ్గర తీగ తెగితే సిగ్నలు దానంతట అదే ఎరుపుకి పడాలి. ఎవరూ తెంపరని వదిలెయ్యలేం."

వాడు మంచం మీద వాలిపోయాడు. చెల్లెలు గుమ్మంలో కూర్చుని కునుకు తీసింది. నాకు కూడా అంతా వదిలేసి పడుకోవాలనిపించింది. ఎప్పటికో కుదిరింది. రిమోటు ఆపితే చక్రాలు ఆగాయి. మళ్ళీ చూశాను, ఆగాయి. ఇటుక తీసి బండిని కిందికి దించాను. చెల్లెలు నిమ్మచెక్కలు పెట్టింది. బావ చీమ నడిచినంత మెల్లగా వాటి మీదికి ఎక్కించి దించాడు. వీధి గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టాం. నీళ్ళు గ్లాసులో పట్టి చెల్లెలు అలవాటుగా మొగుడి ముందు పెట్టబోయి ఆగిపోయింది. ఆ జబ్బుకి కొబ్బరినీళ్ళు విషం. ఊరంతా కొబ్బరిచెట్లే, వాడు తాగి ఏళ్ళయింది. ఆ గ్లాసు నా చేతికిచ్చింది. వాడి ముందు తాగలేక లోపలికి పోయి తాగాను.

తరువాతిసారి వచ్చాడు. ఆ తరువాత మళ్ళీ ఫోను వచ్చింది, నీరసంగా ఉందంటున్నాడని. "ఆదివారం బారువ తీసుకెళ్తాను. శనివారం కుర్చీలో కూర్చుంటేనే," అన్నాను. శనివారం వచ్చాడు. ఇలా ఒక్కో రోజునీ దేనికో దానికి ముడివేసుకుంటూ ఎంత కాలం లాగుతామన్న ప్రశ్న నాకు ఉంది. డైరీలో రాయలేదు.

ఆదివారం పొద్దున్నే బావా నేనూ బారువ వెళ్ళాం. ఒడ్డున పడవలు లాగి ఉన్నాయి. పైన మెరకలో ఒకామె గోనె మీద ఎండుచేపలు పరుస్తోంది. తడి ఇసుక గట్టిగా రోడ్డులా ఉంది. ఉప్పునీటి దగ్గరికి మాత్రం పోనివ్వొద్దని చెప్పాను. బావ ఒక పడవ అంచుకి ఆనుకుని నిలబడి తోలాడు. మొదట మెల్లగా. కాసేపటికి ఆపించి, కంట్రోలర్ మీద వేలు పెట్టి చూశాను. వెచ్చగా ఉంది, చెయ్యి కాలేంత కాదు. "పోనీ," అన్నాను. పోనిచ్చాడు. తిప్పడంలో లారీవాడి చెయ్యి తెలుస్తోంది. ముందుగానే తగ్గించడం, మలుపు దాటాక లాగడం. పెదవులు బిగించి, మెడ ముందుకి చాచి, రాయపూర్ ఘాట్ రోడ్డు మీద ఉన్నట్టే ఉన్నాడు. ఆ మొహం చూసి చాలా ఏళ్ళయింది.

బండి దూరం వెళ్ళి, తిరిగి, మెరక వైపుగా వేగంగా వస్తోంది. అప్పుడు బావ మోకాళ్ళు వంగాయి. "బావా," అన్నాడు, అంతే. కూలబడ్డాడు. రిమోటు చేతిలోంచి జారి పడవ చెక్కకి తగిలి, వెనక మూత ఊడి, సెల్లులు ఇసుకలో చెల్లాచెదురయ్యాయి. నేను వాణ్ణి పట్టుకున్నాను. పట్టుకుని తల తిప్పి చూస్తే బండి చేపల గోనె వైపు పోతోంది. ఆమె వంగి ఉంది, చూడలేదు.

బండి వేగం తగ్గింది. పొడి ఇసుకలోకి వచ్చి, ముక్కు గుచ్చుకుని, గోనెకి కొద్ది దూరంలో ఆగింది.

"ఓరి మీ బండి సల్లగుండ!" అని అరిచింది ఆమె. "సేపల మీదికి తోలతన్నారేటి? ముసిలోల్లయ్యుండి ఈ ఆటలేటర్రా!" అంటూనే వీడు కింద పడి ఉండడం చూసి, పరుగెత్తుకొచ్చి కొంగుతో విసిరింది. "పొద్దున ఏటైనా తిన్నాడేటి ఈ బాబు?"

తినలేదు. బండి తోలే తొందరలో ఇడ్లీ వదిలేసి వచ్చాడు. పడవ నీడలో పడుకోబెట్టి కాళ్ళు కొంచెం ఎత్తిపెట్టాను. పెదవులు తడిపాను. మెల్లగా రంగు తిరిగింది. కళ్ళు తెరవగానే వాడు నన్ను చూడలేదు, ఆమెని చూశాడు.

"నీకేటీ తగల్నేదు కదమ్మా?"

"నాకేటవుతాది? నీ బొమ్మకారు అల్లక్కడే సచ్చింది."

ఆమె వెళ్ళిపోయింది. బావ చాలాసేపు బండి వైపే చూస్తూ పడుకున్నాడు.

"ఎలాగాగింది బావా?"

"రిమోటు పోయింది కదా. పోతే ఆగమని ఆ రోజు సెప్పి పెట్టాం. నువ్వు వదిలీ అన్నావు సూడు, అదే."

వాడు చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. ఆ చెయ్యి కిందనుంచే అన్నాడు. "ఆ రోజు లారీ ఆగనేదు బావా. నాను పోనాను, అది పోతానే ఉంది. కల్లు తెరిసీసరికి ముందద్దంలో ఆ మనిసి. గడ్డిమోపు. మొకం సూసినాను." చెయ్యి తీసి, "ఆ కుర్చీలో పడుకుంటే అదే కనిపిత్తాది. ఫోనులో బండ్లు సూసుకుంటే కనిపించదు. మన బండి కాలిపోనాక ఫోనూ సూడబుద్ది కానేదు. అందుకే ఎల్లనన్నాను," అన్నాడు.

ఇన్నాళ్ళూ వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాను. సూదులు, నీరసం, విసుగు, ఇవే కారణాలనుకున్నాను. "ఆమెకేటీ అవ్వలేదు కదా," అన్నాను. అది వాడికీ తెలుసు.

సెల్లులు ఏరి రిమోటులో వేశాను. వాడు లేచి కూర్చున్నాక తన చేతికే ఇచ్చాను. నేను ఇసుకలో నడిచివెళ్ళి ముందు బండి ఆపి, బ్యాటరీ ప్లగ్గు పీకేశాను. స్విచ్చి ఆపినా ప్లగ్గు ఉంటే కొద్దికొద్దిగా తాగేస్తూనే ఉంటుంది. వెనక్కి చూస్తే వాడు రిమోటు ఇంకా పట్టుకునే ఉన్నాడు. నేను చెయ్యి ఊపాక ఆపాడు.

మంగళవారం పొద్దున నేను ఫోను చెయ్యలేదు. ఏ బేరం పెట్టాలో నాకు తోచలేదు. ఆటో మా ఇంటి ముందు ఆగిన చప్పుడైతే బయటికి వచ్చాను. చెల్లెలు దిగలేదు. బావ ఆటోలోంచే ప్లాస్టిక్ సంచి అందించాడు. అందులో బ్యాటరీ, ఛార్జరు.

"నాను ఆడికెల్తన్నాను. నువ్వు ఇది పెట్టు. ఛార్జింగు పెట్టి, వదిలీసి ఎటూ పోకూడదని నువ్వే కదా సెప్పినావు."

"నేను ఆసుపత్రికి వద్దామనుకున్నాను."

"మీ సెల్లి ఉంది కదా నాతోటి. నర్సమ్మకి నిమ్మకాయల కత సెప్పాలి, నాకు పనుంది. నువ్వు దీని దగ్గిర కూకో."

"ఏటైనా తిన్నావా?"

"ఇడ్లీ. రెండు. ఎల్లనీ బావా, కుర్చీ ఇంకోడికిచ్చీగల్రు," అన్నాడు. ఆటో వెళ్ళిపోయింది.

వసారాలో సిమెంటు నేల మీద, మంచానికీ గుడ్డలకీ దూరంగా, మట్టి మూకుడులో బ్యాటరీ పెట్టి ఛార్జరు తగిలించాను. ఒకవేళ అంటుకుంటే పొయ్యడానికి పక్కన బకెట్టు నిండా ఇసుక. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గురువారం మళ్ళీ వస్తాడో రాడో తెలియదు. ఇవాళ వచ్చాడు. పాత పళ్ళ బ్రష్షుతో, ఆదివారం నా దగ్గరే ఉండిపోయిన బండి చక్రాల్లో ఇరుక్కున్న ఇసుక తీస్తుంటే, అడుగున ఎండిపోయిన నిమ్మతొక్క ముక్క ఒకటి దొరికింది. చెల్లెలు చూస్తే తియ్యొద్దంటుందేమోనని, దాన్ని అక్కడే ఉండనిచ్చాను.